ఇంటికి తగిన కలప

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్న సామెతలోని రెండు కష్టాలూ కలుసుకొనే చోటు వీధి గుమ్మం. సంబంధానికి వచ్చిన పెద్దలు మొదట చూచేది ఆ తలుపునే గనుక, అది టేకుదై ఉండవలెనని మన మధ్యతరగతి గృహస్థు పట్టుపడతాడు. అంతటితో ఆగితే కొంత అర్థమున్నది. కాని లోపలి గదుల తలుపులు, గోడ బీరువాలు, మంచాలు, చివరకు వంటింటి అరలు కూడ టేకుతోనే చేయించవలెనని పంతం పట్టి అప్పు చేసి, ఆ అప్పును పిల్లల చదువుల ఖర్చు తగ్గించి తీర్చుకొనే కుటుంబాలను నేనెరుగుదును. ఇది కలపను గూర్చిన అజ్ఞానమే గాని, కలపపై గౌరవం కాదని నా అభిప్రాయం.

టేకు గొప్పదనాన్ని నేను కాదనడం లేదు. దానిలో సహజంగా నూనె ఉండడంచేత చెద సులభంగా పట్టదు. ఎండకు, వానకు మెలి తిరగడం తక్కువ. ఉలికి చక్కగా లొంగుతుంది. అయితే మన్నిక అంతా చేవది. చేవను చుట్టుకొని ఉండే తెల్లని భాగానికి ఆ బలం లేదు. పూర్వం అడవులలో అనేక దశాబ్దాలు పెరిగిన మానులు వచ్చేవి. నేడు తోటలలో పెంచి త్వరగా కొట్టిన దుంగలు విరివిగా వస్తున్నవి. వాటిలో తెల్లచెక్క పాలు ఎక్కువ. బర్మా ప్రభుత్వం ముడి దుంగల ఎగుమతిని 2014లోనే నిషేధించినా, ఆ పేరుకున్న ఆకర్షణ మాత్రం తగ్గలేదు.

మా మామూజాన్ పదవీ విరమణ సొమ్ముతో ఒక అడితిలో టేకు ద్వారబంధం కొన్నారు. మూడవ వర్షాకాలానికే దానికి చెద పట్టింది. వడ్రంగి పైరంగు గీకి చూపగా లోపల ఉన్నదంతా తెల్లచెక్కే. కావున రంగు పూసిన కలపను ఎవరెంత నమ్మకంగా చెప్పినా కొనరాదు. కోసిన కొనను చూడవలెను. చేవ ఎంతో, తెలుపు ఎంతో అక్కడ దాగదు.

లెక్క కూడ తెలిసి ఉండడం మంచిది. ఏడడుగుల ఎత్తు, మూడున్నర అడుగుల వెడల్పు గల ద్వారబంధానికి గడపతో కలిపి 21 అడుగుల కమ్మి పడుతుంది. కమ్మి 5 అంగుళాలు, 3 అంగుళాలు అయితే మొత్తం సుమారు 2.2 ఘనపుటడుగులు. నాలుగు ముఖాలా అంగుళంలో ఎనిమిదవ వంతు చొప్పున చిత్రిక పడితే, మనం డబ్బిచ్చిన కలపలో దాదాపు ఎనిమిదవ వంతు పొట్టుగా రాలిపోతుంది.

పనికి తగిన కర్రను ఎంచుకోవడం మన చేతిపనివారికి కొత్త విద్య కాదు. కొండపల్లి బొమ్మకు తేలికైన పొనికి, ఏటికొప్పాక లక్కబొమ్మకు అంకుడు, బొబ్బిలి వీణకు పనస. వీరిలో ఎవరూ టేకు దొరకలేదని విచారించలేదు. నాగలికి, బండికి బరువైన నల్లతుమ్మను వాడిన రైతుకు కూడ ఈ వివేకం ఉండేది. ఇల్లు కట్టే చదువుకొన్నవారికే అది కొరవడింది! వానజల్లు తగలని లోపలి తలుపులకు, అల్మారాలకు వేప చాలును. దాని చేదు పురుగును దూరంగా ఉంచుతుంది. రేఖ అడ్డదిడ్డంగా ఉండి చిత్రికకు మొండికేస్తుందన్నది నిజమే. వడ్రంగికి ఒక పూట కూలి ఎక్కువవుతుంది, అంతే. మామిడి చౌక గాని, మందు పెట్టనిదే పుచ్చును ఆపలేదు.

అసలు ఏ జాతి కలప అన్నదానికంటె అది ఎంత ఆరినది అన్నదే ముఖ్యమని నేననుకొంటాను. పచ్చికర్రలోని నీరు పోయేకొద్దీ అది కుంచించుకొంటుంది. పొడవున ఈ మార్పు లెక్కలోనిది కాదు, అడ్డంగా ఎక్కువ. అందులోను వలయాల వెంబడి జరిగే కుదింపు, నడిమి నుండి బెరడు వైపునకు జరిగేదానికి సుమారు రెట్టింపు. ఈ తేడా వల్లనే పలక వంగుతుంది, పగులుతుంది. అందుచేత కోసిన పలకల నడుమ సన్నని కర్రలు పెట్టి, నీడలో గాలి ఆడేటట్లు కొన్ని నెలలు పేర్చి ఉంచవలెను. గృహప్రవేశానికి ముహూర్తం ముందే నిర్ణయించి, కలపను ఆ నెలలో కొనేవారికి ఈ ఓపిక ఉండదు. ఆరిన వేప, ఆరని టేకుకంటె మేలని నేను నిస్సంకోచంగా చెబుతాను. పునాది తవ్విననాడే కలప కొని పేర్చుకొంటే ఖర్చు పెరగదు, పని ఆగదు.

వంటింటి అరలకు నీటిని ఓర్చే ప్లైవుడ్ చాలు, ఐ.ఎస్. 710 ముద్ర ఉన్నది మేలైనది. నొక్కిన పొట్టుతో చేసే పలకలు తడికి ఉబ్బుతాయి గనుక అక్కడ పనికిరావు.

హైదరాబాదు పాత మిస్త్రీలు టేకును సాగ్వాన్ అని, ద్వారబంధాన్ని చౌకట్ అని, చెదను దీమక్ అని అంటారు. ఉర్దూ చదివిన మన విద్యార్థులు సెలవులలో వారివద్ద ఒక్కరోజు కూర్చుంటే, మాటలతోబాటు కొనను చూచి చేవను పోల్చే నేర్పు కూడ అబ్బుతుంది. మన గ్రంథాలయానికి ఈసారి అల్మారాలు చేయించేటప్పుడు ఒక్కటైనా బాగా ఆరిన వేపతో చేయించి చూడవలసినదిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను.