వేడి చేసిందట!

మిరపకోతల రోజులు. సాయంత్రం చేను నుంచి వస్తూ మా అరుగు మీద కూలబడింది మా వీధి చివరింటి వదినె. కూర్చోలేక కూర్చుంటోంది. ఏమైందంటే "ఏముంటది పిల్లా, వేడి చేసింది" అంది. గుచ్చి గుచ్చి అడిగితే బయటపడింది. మూడు నెలలుగా తెల్లబట్ట, దురద, ఒంటికి పోతే మంట. సబ్జా నీళ్లు తాగిందట, మెంతులు మింగిందట. చివరికి డెట్టాల్ నీళ్లతో కడుక్కుందట. మంట రెట్టింపైంది.

ఆమెను అనడానికి నాకు నోరెక్కడిది? డిగ్రీ చదివాను, కథలు రాస్తాను. నా కథల్లో ఆడవాళ్లు ఎవరినైనా నిలదీస్తారు. అలాంటి నేను ఒకసారి గొంతునొప్పికి యాంటీబయాటిక్ వాడాక ఇదే బాధ వస్తే మా వారిని మందుల షాపుకు పంపాను. "దురదకు ఏదైనా ఇవ్వండి" అన్నారాయన. ఎక్కడ దురదో ఆయన చెప్పలేదు, షాపతను అడగలేదు. తామరకు రాసే స్టెరాయిడ్ ట్యూబు వచ్చింది. రెండు రోజులు హాయి, తర్వాత చుక్కలు కనిపించాయి!

అసలు సంగతి ఇదీ. యోనిలో మేలు చేసే సూక్ష్మజీవులుంటాయి. పాలను పెరుగు చేసే వాటి చుట్టాలే. క్యాండిడా అనే ఈస్టు కూడా చాలామందిలో కొద్దిగా, సద్దు చేయకుండా ఉంటుంది. యాంటీబయాటిక్ ఆ మంచివాటిని చంపితే ఇది విజృంభిస్తుంది. గర్భంతో ఉన్నప్పుడూ, షుగర్ అదుపు తప్పినప్పుడూ అంతే. ప్రతి నలుగురు ఆడవాళ్లలో ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా వస్తుంది. ఇందులో నడవడిక మాటెక్కడిది?

కానీ తెల్లబట్ట అంతా ఇదే కాదు. విరిగిన పెరుగులా, వాసన లేకుండా, విపరీతమైన దురదతో ఉంటే ఈస్టు అయ్యే అవకాశం ఎక్కువ. పల్చగా, చేపల వాసనతో ఉంటే వేరే ఇన్ఫెక్షన్. పసుపుపచ్చగా నురగలా ఉంటే మరొకటి, దానికి భర్తకూ మందు పడాలి. పొత్తికడుపు నొప్పి, జ్వరం, రక్తం కనిపిస్తే ఒక్కరోజు ఆగకూడదు. మనకేమో అన్నిటికీ ఒకటే పేరు, వేడి!

ప్రాణహిత అవతలి గడ్చిరోలి జిల్లాలో డాక్టర్ రాణీ బంగ్, అభయ్ బంగ్ దంపతులు రెండు పల్లెల్లో 650 మంది ఆడవాళ్లను పరీక్షించి, 1989లో లాన్సెట్ పత్రికలో ఆ వివరాలు రాశారు. నూటికి 92 మందికి ఏదో ఒక స్త్రీల జబ్బు ఉంది. అంతకు ముందు డాక్టరుకు చూపించుకున్నవాళ్లు నూటికి ఎనిమిది మంది. ఆ పల్లెలు మనవి కావులే అనుకుందామా?

మందు చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. క్లోట్రిమజోల్ బిళ్ల రాత్రి పడుకోబోయే ముందు లోపల పెట్టుకోవాలి. మోతాదును బట్టి ఒక రాత్రి నుంచి వారం దాకా. లేదా 150 మిల్లీగ్రాముల ఫ్లూకొనజోల్ మాత్ర ఒక్కటి. గర్భిణులకు ఈ మింగే మాత్ర వద్దు, లోపల పెట్టుకునే మందే వారం రోజులు. ఏదైనా సరే, మొదటిసారైతే డాక్టరమ్మ చూశాకే. సబ్బు, డెట్టాల్ లోపలికి పోనివ్వొద్దు, మామూలు నీళ్లు చాలు. నాట్లేసి వచ్చాక తడి బట్టలు వెంటనే మార్చుకోవాలి. లోదుస్తులు చీర కింద దాచి ఆరేస్తాం చూశారూ, వాటికీ కాస్త ఎండ తగలనివ్వండి. ఎవరు చూస్తే ఏం?

వదినెను బస్సెక్కించి ఖమ్మం తీసుకెళ్లాను. నాలుగు అడుగులేసి వెనక్కి తిరిగింది, "మగ డాక్టరైతే?" అని. ఆడ డాక్టరే ఉంది. ఈస్టేనని చెప్పి, మందు రాసి, మళ్లీ మళ్లీ వస్తోందంటే రక్తం చూడాలంది. చూస్తే షుగర్ బాగా ఎక్కువ! మూడు నెలలు సబ్జా నీళ్లలో పంచదార కలుపుకు తాగిన మనిషి కదా, నెత్తి కొట్టుకుంది.

వారంలో దురద పోయింది. షుగర్ మాత్రలు మాత్రం రోజూ వేసుకోవాలి. వీధిలో అడిగిన వాళ్లకు "షుగరు చూపించుకొచ్చిన" అని చెబుతోంది, రెండో సంగతి ఎత్తకుండా. అయినా మొన్న పొద్దున నీళ్ల ట్యాంకు దగ్గర ఇద్దరు నన్ను పక్కకు పిలిచి, ఆ డాక్టరమ్మ ఏ రోజుల్లో ఉంటుందని గొంతు తగ్గించి అడిగారు.