మన ఫోన్లకు యాంటెన్నాలు అంటగట్టకండి



ఈ వారం సంతలో మళ్ళీ చూశాం. ఫోన్ వెనక అంటించుకునే బంగారు రంగు సిగ్నల్ స్టిక్కర్లు, హెడ్‌ఫోన్ రంధ్రంలో గుచ్చే బుల్లి యాంటెన్నాలు. కొంటున్నది మన హాస్టల్ తమ్ముళ్ళే. పాడేరు ఏజెన్సీలో స్కాలర్‌షిప్ ఓటీపీ కోసం కొండ ఎక్కీ దిగీ విసిగిపోయినోళ్ళు ఏం చెప్పినా నమ్ముతారు, వాళ్ళని తప్పుపట్టం. అమ్మేవాళ్ళనే అడుగుతున్నాం: ఆ స్టిక్కర్ ఫోన్ లోపలి యాంటెన్నాకి ఎక్కడ కలుస్తుంది? ఎక్కడా కలవదు. హెడ్‌ఫోన్ వైరు ఎఫ్ఎం రేడియోకి యాంటెన్నాగా పనికొస్తుంది, నిజమే. మొబైల్ సిగ్నల్‌కి దాంతో సంబంధమే లేదు.

యాంటెన్నా అంటేనే మోసం అనట్లేదు. సిమ్ వేసే రౌటర్లు కొన్నిటికి బయటి యాంటెన్నా తగిలించే సాకెట్లు ఉంటాయి. ఆ సిమ్ కంపెనీ బ్యాండుకి సరిపోయే యాగీ యాంటెన్నాని పొడుగాటి వెదురు బొంగుకి కట్టి, టవర్ వైపు తిప్పితే, ఒక గీత ఉన్నచోట రెండు మూడు గీతలు రావచ్చు. కేబుల్ పొట్టిగా ఉండాలి. పొడుగైతే పట్టిన సిగ్నల్ అందులోనే పోతుంది. హాస్టల్‌కి అలాంటిది ఒక్కటి ఉంటే అందరూ వైఫై మీద వాడుకోవచ్చు. తలా ఒక స్టిక్కర్ కొనే డబ్బులు దీనికి పోగెయ్యండి.

కానీ యాంటెన్నా ఉన్న సిగ్నల్‌నే ఏరుకుంటుంది, లేనిదాన్ని పుట్టించదు. టవర్‌కీ ఊరికీ మధ్య కొండే అడ్డం ఉంటే ఎంత పెద్ద యాగీ అయినా ఏం చేస్తుంది?

మేం అర్జీ పట్టుకుని ఒక ఆఫీసుకెళ్తే, "బూస్టర్ పెట్టుకోండయ్యా" అన్నారు ఒక సారు. లైసెన్సు లేకుండా బూస్టర్ పెట్టుకోవడం నేరమని ఆయనకి తెలీదా? తెలిసే అన్నారా?

డబ్బు లేదనడానికీ లేదు. 2021 నవంబరులో కేంద్ర కేబినెట్ ఆంధ్రప్రదేశ్‌తో కలిపి 5 రాష్ట్రాల్లోని 7,287 ఊళ్ళకి 4జీ ఇవ్వడానికి సుమారు 6,466 కోట్లు ఒప్పుకుంది. 2022 జూలైలో దేశం మొత్తం మీద 24,680 ఊళ్ళకి 26,316 కోట్లు. ఆ జాబితాల్లో మన ఊళ్ళు ఏవి? పురిటి నొప్పులొస్తే 108కి ఫోన్ చెయ్యడానికే ఒక మనిషి కొండెక్కాలి. డోలీ కట్టేది ఆ తర్వాత. ఆ మనిషి చేతిలో స్టిక్కర్ పెడతారా?

అందుకే ప్రతి ఊరి నుంచి ఒకరు రాసి తెండి: సిగ్నల్ ఎక్కడ దొరుకుతుంది, ఊరికి ఎంత నడక, ఏ కంపెనీది, మధ్యలో ఏ కొండ అడ్డం. గ్రామసభలో తీర్మానం చేయించి, ఆ కాగితాలన్నీ కలిపి ఐటీడీఏలో ఇద్దాం. రసీదు తీసుకోకుండా మాత్రం ఎవరూ వెనక్కి రావద్దు.