సాగరగర్భమున ఒక చిన్న నావ

సముద్రమునకు అంకితమైన ఈ సంచికకు ముఖచిత్రముగా మేము ఎన్నుకొనినది మహానౌకా శిథిలము గాదు. బాలి ద్వీపపు ఈశాన్యతీరమున, ఆమెద్ ప్రాంతములో, ఒడ్డునకు అనతిదూరమున మునిగియున్న ఒక చిన్న నావ. జపాను నావయని జనులు పిలుచు ఆ శిథిలము చుట్టును అగ్నిపర్వతజన్యమైన నల్లని యిసుక పరచుకొనియున్నది.

కదలెడి యిసుకపై పగడపు శిశుజీవి నిలువజాలదు; దానికి గట్టి ఆధారము కావలయును. మానవుడు కోల్పోయిన ఓడయే ఆ ఆధారమై, కాలక్రమమున మృదుప్రవాళములకును, స్పంజికలకును, మత్స్యసంతతులకును నివాసమైనది.

1943లో ఫ్రాన్సున కూస్తో, గాన్యాన్ అను నిరువురు రూపొందించిన శ్వాసయంత్రము, పరిసరజలపీడనమునకు సమానమైన పీడనముతో గాలి నందించుచుండుటచేతనే సామాన్యునకు సైతము ఈ దర్శనము సులభమైనది. ఎరుపును నీరు ముందుగా హరించుటచే నీలిమయముగా దోచు ఓడప్రక్క, దీపము సోకినంతనే రక్తవర్ణమున ప్రజ్వరిల్లును. చెంతనున్న యిసుకలో, చూపు మందమైన రొయ్య యొకటి బొరియ త్రవ్వుచుండ, వాకిట కావలియున్న గోబీ చేపపై దాని మీసము ఆనియుండును. అపాయము తోచగనే చేప తోక నల్లార్చును, రెండును లోనికి దూరును.

అజాగ్రత్తగా విదల్చిన కాలితెడ్డు రేపిన యిసుక పగడములను కప్పి, వాని కూపిరాడనీయదు. కావున ఈత నేర్చినంత శ్రద్ధతో నిగ్రహమును నేర్వవలయును. తాకక, తీయక, ఇసుక రేపక చూచి వచ్చువానికే ఆ లోకమున అతిథి యనిపించుకొను అర్హత కలదని మా దృఢవిశ్వాసము.

— సంపాదకుడు