వరస ఎట్లా పరిచారో అడగండి

2024 డిసెంబరు 4, పొద్దున 7:27. ములుగు అడవుల కింద 40 కిలోమీటర్ల లోతున 5.3 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు నేను జనగామలో చాయ్ తాగుతున్నాను. గ్లాసులో చాయ్ కదిలింది. ఆ మర్నాటి నుంచి ‘మా ప్లాటు గట్టిదేనా, ఒకసారి మిషన్ పెట్టి చూడవా’ అని ఒకటే ఫోన్లు. మిషన్ పెట్టడం నా బతుకుదెరువే. కానీ దాన్ని ఎట్లా పెట్టానో ఒక్కరూ అడగరు.

అదురును పట్టే జియోఫోన్లు 24 నేలలో వరసగా గుచ్చి, ఇనప పలక మీద సమ్మెటతో కొడతాం. నేల పైపొరల వెంట పాకే అల ఎంత వేగంతో పోయిందో చూసి, కింద మట్టి గట్టిదనం లెక్కగడతాం. చూపు ఆనే లోతు మాత్రం వరస పొడవులో సుమారు సగమే. రెండు మీటర్ల ఎడంతో 24 గుచ్చితే వరస 46 మీటర్లు, లోతు 23 దాటదు. ఇంజనీర్లకు కావాల్సింది 30. ఎడం పెంచితే లోతు అందుతుంది, పైపొర చేజారుతుంది.

నాకొచ్చే ఆర్డర్లలో ఎక్కడైనా అవే రెండు మీటర్లు! జనగామ చెలకల్లో చాలాచోట్ల కాస్త మొరం తీస్తే రాయే. అక్కడ అరమీటరు, మీటరు ఎడం కావాలి. భూపాలపల్లిలో బొగ్గు పొరలున్న ఇసుకరాయి, గోదారి దిక్కు పోతే ఇసుక మేటలు. అక్కడ పొడుగు వరస కావాలి, సమ్మెట దెబ్బ చాలదు. బొగ్గు లారీల అదురునే వాడుకోవాలి.

ఆ అదురుతోనే మహబూబాబాద్‌లో నేను బోల్తాపడ్డాను. రైలు పట్టాలకు సమాంతరంగా వరస పరిచి, ఎదురుగా గూడ్సు పోతుంటే రికార్డు చేశాను. అల అడ్డంగా వచ్చి అన్ని జియోఫోన్లనూ ఇంచుమించు ఒక్కసారే తాకింది. లెక్కలో అది విపరీతమైన వేగంగా తేలింది. రిపోర్టులో రాయి అని రాశాను. తర్వాత బోరు వేస్తే తడి బంకమట్టి. గుండ్రంగానో, ఎల్ ఆకారంలోనో పరిస్తే అల ఏ దిక్కు నుంచి వచ్చిందో తెలిసేది. జపాన్ శాస్త్రవేత్త కెయిటి అకి 1957లోనే ఈ దారి చూపాడు.

రిపోర్టుల్లో రంగురంగుల బొమ్మలకు కొదవ లేదు. ఎడం ఎంత, పొడవెంత, ఏ ఆకారం, ఏ దిక్కు అని చెప్పే స్కెచ్ మొదటి పేజీలో లేకపోతే ఆ రిపోర్టుకు డబ్బులు ఇవ్వకండి. నా మహబూబాబాద్ రిపోర్టులో అది లేదు. ఉంటే, పట్టాల పక్కనే గీసిన ఆ గీతను చూసి ఏ ఇంజనీరైనా నన్ను ఆపేవాడు.