కర్ణుడు లేని భారతం

2017లో క్యాప్‌కామ్ విడుదల చేసిన ‘మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్: ఇన్ఫినిట్’ పేరెత్తగానే మొహం చిట్లించే మిత్రులతో నాకు పేచీ ఉంది. వారు ఆడి కాదు, బొమ్మలు చూసి తీర్పు చెప్పారు. నిజమే, ఆ ముఖాల్లో జీవం లేదు. చున్-లీని చూసి నేనూ నొచ్చుకున్నాను. మరి పోరాటం మాటేమిటి? మునుపటి ముగ్గురి జట్టును ఇద్దరికి కుదించినా, దెబ్బ మధ్యలోనే జోడీని రంగంలోకి దింపే వెసులుబాటునిచ్చారు. ఆరు ఇన్ఫినిటీ రత్నాల్లో ఒకటి మార్చితే చాలు, అదే జట్టు మరో జట్టవుతుంది. ఒక రత్నం ప్రత్యర్థిని దగ్గరకు లాగుతుంది, మరొకటి మనల్ని మెరుపులా ముందుకు దూకిస్తుంది. ఇంతటి స్వేచ్ఛ తక్కువ ఆటల్లో చూశాను.

నేను క్షమించలేనిది వేరు. క్యాప్‌కామ్ మార్వెల్ పోరాటాలకు 1994లో శ్రీకారం చుట్టింది ఎక్స్-మెన్‌తోనే. ఆ వంశంలో పుట్టిన ఈ ఆటలో వుల్వరిన్ లేడు, మాగ్నెటో లేడు, స్టార్మ్ లేదు! పాత్ర ఎవరైతేనేం, ఎత్తుగడలే ముఖ్యమన్న వాదాన్ని నేనొప్పుకోను. 2000లో వచ్చిన రెండో భాగం నాటినుండి మాగ్నెటోను సాధన చేసినవాడు వేళ్ళకు నేర్పుకున్నది ఆ ఒక్కడి నడకనే. దానికి బదులు లేదు.

కనుక తిట్టదలిస్తే ఆ పాత్రలను పక్కనబెట్టిన నిర్ణయాన్ని తిట్టండి. ఇంత చక్కని పోరాటాన్ని అల్లిన చేతులను మాత్రం కాదు.