డ్రమ్ము మూత మాది, కొళాయి వేళ మీది

మేం విశాఖపట్నం కొండవాలు వాడల వాళ్లం. పోర్టులో బరువులెత్తే కళాసీలం, ఆటోలు తోలేవాళ్లం, గంపనెత్తుకుని చేపలమ్మే వాళ్లం, నాలుగిళ్లలో పనిచేసి వచ్చేవాళ్లం, గడపగడపకూ తిరిగే ఆశా కార్యకర్తలం. వాతావరణం మారిందని మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అర్ధరాత్రి దాటినా చల్లారని రేకుల కప్పు చెబుతోంది. ఈ ఊరి దాహం తీర్చే ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ, తాటిపూడి, రైవాడ వాన పడితేనే నిండుతాయి. ఆ వాన ఇప్పుడు పడితే ఒక్కసారే పడుతుంది, లేదంటే మొహం చాటేస్తుంది. అందుకే ఈ ప్రణాళిక రాసుకున్నాం.

మేం నమ్మేవి

1. నీళ్ల కరువూ జ్వరమూ ఒకే ఇంటి బిడ్డలు. కొళాయి ఎప్పుడొస్తుందో తెలియని ఇంట్లో డ్రమ్ము నిండుతుంది. మూతలేని డ్రమ్ములో డెంగీ మోసే ఏడిస్ దోమ గుడ్లు పెడుతుంది. వారం పది రోజుల్లో గుడ్డు దోమై ఎగురుతుంది. నీళ్లు పారబోసినా గుడ్లు డ్రమ్ము గోడకు అంటుకుని నెలల తరబడి బతుకుతాయి, మళ్లీ తడి తగలగానే లేస్తాయి. ఇక సరఫరా ఆగినప్పుడు గొట్టంలో ఒత్తిడి పడిపోయి, పగుళ్లలోంచి పక్క మురుగు లోపలికి దిగుతుంది. ఆ మురుగు మొదటి బిందెలోకి, అక్కణ్ణుంచి పిల్లల కడుపులోకి చేరుతుంది.

2. మన ఎండను డిగ్రీలతోనే కొలిస్తే చాలదు. ఒంటిమీద చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. సముద్రపు తేమలో చెమట ఆరదు. పొడి ఊళ్లో తట్టుకోగల ఎండ ఇక్కడ ఉక్కపోతై పడగొడుతుంది. 2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లో 1,300 మందికి పైగా వడదెబ్బకు పోయారు. మరుగుదొడ్డికి నీళ్లుండవని పనిచోట దాహం చంపుకునే ఆడవాళ్ల మూత్రకోశ జబ్బులు మాత్రం ఏ వడదెబ్బ లెక్కలోకీ రావు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జనం కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ తేలలేదు. అనుమానాల్లో ఎండపనీ, ఒంట్లో నీరు ఇంకిపోవడమూ ఉన్నాయి. తేలేదాకా చూస్తూ కూర్చోలేం.

3. నీళ్లు హక్కు. కాలుష్యం లేని నీరు జీవించే హక్కులో భాగమని 1991లో సుభాష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఉక్కు కర్మాగారం కోసం ఏలేరు నుంచి 150 కిలోమీటర్లకు పైగా కాలువ తవ్వి నీళ్లు తెచ్చిన ఊరు ఇది. ఆ ఉక్కు మనదే, ఆ కాలువా మనదే. అంత దూరం నడిచొచ్చిన నీరు మా కొండ మెట్లెక్కలేదంటే ఒప్పుకోం.

4. వాననీటిని దాచడం ఈ కొండలకు కొత్త కాదు. తొట్లకొండ మీద బౌద్ధ భిక్షువులు రాతిలో తొట్లు తొలిచి వాననీరు పట్టారు. తొట్లకొండకు ఆ తొట్ల వల్ల, బావికొండకు బావుల వల్ల పేర్లొచ్చాయి.

మేం చేసేవి

ప్రతి శుక్రవారం డ్రమ్ములు, తొట్లు ఖాళీ చేసి, గోడలు పీచుతో తోమి, ఆరబెట్టి నింపుతాం. మూత లేనిచోట గుడ్డ బిగించి కడతాం.

వేసవిలో వీధికి ఇద్దరు చొప్పున ఒంటరి ముసలివాళ్లను, బాలింతలను, మంచాన పడ్డవాళ్లను రోజుకు రెండుసార్లు పలకరిస్తారు. చోడి అంబలి, తరవాణి, మజ్జిగ వీధి కుండలో ఉంటాయి. స్పృహ తప్పినవాళ్ల నోట్లో నీళ్లు పోయం. నీడకు చేర్చి, ఒళ్లు తడిపి, విసురుతూ 108కి ఫోన్ చేస్తాం.

విరేచనాలు పట్టుకున్న బిడ్డకు ఓఆర్ఎస్ పొట్లం దొరికేదాకా లీటరు కాచి చల్లార్చిన నీటిలో తలకొట్టిన ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలిపి పడతాం. ఈ కొలత ప్రతి వంటింటి గోడ మీదా రాసి ఉంటుంది.

ట్యాంకరు వస్తే మొదటి బిందె జబ్బుపడ్డ ఇంటిది. ఈ మాట మీద తగువుండదు.

మేం అడిగేవి

కొళాయి వేళ ముందే చెప్పండి, చెప్పిన వేళకే వదలండి. వేళ తెలిస్తే సగం డ్రమ్ములు మేమే తీసేస్తాం.

నీటిలో క్లోరిన్‌ను కొండ కింద కాదు, పైన చివరి ఇంటి కొళాయి దగ్గర పరీక్షించండి. లీటరుకు 0.2 మిల్లీగ్రాములు అక్కడ ఉండాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి కరెంటు పోతే ఊరు నీళ్లకూ అల్లాడింది. ప్రతి పంపుకూ మారు కరెంటు ఏర్పాటు ఉండాలి.

వడగాలి హెచ్చరిక ఉన్న రోజున కళాసీకీ, కూలీకీ మధ్యాహ్నం పని ఆపండి, కూలి కోయకండి. పనిచోట తాగునీరు, నీళ్లున్న మరుగుదొడ్డి ఉండాలి.

వార్డులో నీళ్ల లెక్కా జ్వరాల లెక్కా ఒకే బోర్డు మీద రాయండి. ఎన్ని రోజులు కొళాయి రాలేదో, ఎందరికి డెంగీ వచ్చిందో పక్కపక్కనే కనబడితే తప్పెవరిదో వాదించుకోనక్కర్లేదు. అప్పటిదాకా మూతలేని డ్రమ్ముకు మమ్మల్ని తిట్టే ముందు, డ్రమ్ము ఎందుకు పెట్టుకున్నామో అడగండి.

ఈ ప్రణాళికను మా కొళాయి గట్టు మీద అతికిస్తున్నాం. డ్రమ్ము లేకుండా బతకగలమన్న ధీమా చివరి మెట్టు మీది ముసలమ్మకు కలిగిన రోజున, ఆమె చేతే చింపిస్తాం.