శరదృతువు వాసనలు



వానలు వెనకపట్టాయి. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. ఆశ్వయుజ మాసం వచ్చిందంటే మన ఇళ్ళలో మూడు వాసనలు మొదలవుతాయి. తెల్లవారుజామున పారిజాతం, సాయంకాలం రోట్లో నూరే గోరింటాకు, అట్లతద్దినాడు పెనం మీది అట్టు. ఈ నెల ఈ మూడింటితోనూ ఇంట్లో చేసుకునే పనులు చెబుతాను. అమ్మనో నాన్ననో తోడు పిలుచుకోండి, పొయ్యి దగ్గర పని ఉన్నది.

ముందు పారిజాతం. ఈ పువ్వు చీకటిపడ్డాక విచ్చుకుని, తెల్లవారేసరికి దానంతటదే రాలిపోతుంది. చీకట్లో ఎరుపూ నీలమూ కనిపించవు కదా! అందుకే దీనికి తెల్లని రేకులూ, మంచి పరిమళమూ ఉన్నాయి. రాత్రిపూట తిరిగే రెక్కల పురుగులు ఆ ఆనవాళ్ళు పట్టుకుని వస్తాయి. 1753లో లిన్నేయస్ అనే స్వీడన్ శాస్త్రజ్ఞుడు తన గ్రంథంలో ఈ చెట్టుకు ఇచ్చిన పేరులో “విచార వృక్షం” అనే అర్థం ఉన్నది. పగటిపూట బోసిగా ఉన్న చెట్టును చూసి ఎవరో అలా అనుకున్నారు కాబోలు. తెల్లవారుజామున దాని కింద నిలబడినవారికి ఆ పేరు పెట్టబుద్ధి కాదు.

రాలిన పూలు ఏరి, రేకులు తీసేసి, నారింజరంగు కాడలు మాత్రం నీడన ఆరబెట్టండి. రోజుకు గుప్పెడు పూలు ఏరినా పది రోజుల్లో పనికి సరిపడా కాడలు వస్తాయి. ఒక తెల్లని నూలు గుడ్డముక్క, ఒక పట్టు గుడ్డముక్క తీసుకుని, పటిక కలిపిన నీళ్ళలో గంటసేపు నాననివ్వండి. కాడలను రెండు గ్లాసుల నీళ్ళలో వేసి సన్నని సెగ మీద పావుగంట కాచి, వడగట్టి, గుడ్డలు అందులో ముంచి చల్లారేదాకా ఉంచండి. తరవాత పిండి నీడన ఆరవెయ్యండి. పూర్వం ఈ కాడలతోనే పట్టుబట్టలకు రంగు వేసేవారు. ఇది కుంకుమపువ్వు రంగు జాతికి చెందినదే. నీళ్ళలో కరిగేది గనక ఉతికినకొద్దీ వెలుస్తుంది. పటిక కొంతవరకు ఆపుతుంది. పట్టు మీద ఎక్కువ నిలుస్తుందా, నూలు మీదనా? రెండూ మీ చేతిలోనే ఉన్నాయి గనక మీరే తేల్చండి.

ఇప్పుడు ఆ గుడ్డ వాసన చూడండి. పారిజాతపు వాసన ఏదీ? రంగు వచ్చింది గాని వాసన రాలేదు! ఎందుకంటే వాసన అంటే వస్తువులో నుంచి గాలిలోకి ఎగిరిపోయే తేలిక అణువులే. ఎండలేక నీడన ఆరినా, నీళ్ళలో కాగినా అవి నిలవవు. రంగు అణువులు బరువైనవి, అవి నీళ్ళలోనే ఉండిపోయాయి. ఎగిరివచ్చే అణువులను పట్టుకునే గ్రాహకాలు మన ముక్కులో సుమారు 400 రకాలున్నాయి. ఆ గ్రాహకాల జన్యువుల సంగతి 1991లో బయటపెట్టిన లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ అనే అమెరికా శాస్త్రజ్ఞులకు 2004లో నోబెల్ బహుమతి వచ్చింది. గుడ్డకు వాసన కావాలంటే అప్పుడే రాలిన పూలు మడతల్లో పెట్టి, డబ్బాలో మూసి, సాయంత్రం తీసెయ్యండి. ఒకటి రెండు పూటలు ఉంటుంది. అంతకన్న ఉండదు.

గోరింటాకు సంగతి వేరు. దాని రంగు పోనేపోదు. పచ్చి ఆకును కాస్త చింతపండుతో మెత్తగా నూరితే ‘లాసోన్’ అనే పదార్థం బయటికి వచ్చి, చర్మంలోనూ గోళ్ళలోనూ ఉండే కెరటిన్‌ను పట్టుకుంటుంది. చర్మం పైపొర రాలిపోతూ ఉంటుంది గనక చేతిమీది ఎరుపు రెండు మూడు వారాల్లో పోతుంది. గోటి ఎరుపు మాత్రం గోరుతోపాటు పైకి జరుగుతుంది. గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అట్లతద్దికి పెట్టుకుని, సంక్రాంతినాడు గోరు మొదట్లో ఎంత తెలుపు వచ్చిందో స్కేలు పెట్టి కొలవండి. బొటనవేలూ చిటికెనవేలూ ఒకే తీరుగా పెరుగుతాయో లేదో అప్పుడు తెలుస్తుంది.

తల్లిదండ్రులకు ఒక మాట. కాసేపట్లోనే నల్లగా పండుతుందని బజారులో అమ్మే గోరింటాకు కోన్లు కొనకండి. అసలు గోరింటాకు నల్లగా పండదు. అటువంటి వాటిలో తలకు వేసే రంగుల్లోని పి.పి.డి. అనే రసాయనం కలుపుతుంటారు. దానివల్ల పిల్లల చేతులు బొబ్బలెక్కి మచ్చలు పడ్డాయి. పసిపాపలకైతే అసలు గోరింటాకు కూడా వద్దు. పుట్టుకతో జి-6-పి-డి లోపం ఉన్న బిడ్డలకు దానివల్ల రక్తకణాలు చితికిపోయే ప్రమాదం ఉన్నది.

ఇక అట్లు. ఆశ్వయుజ పున్నమి వెళ్ళిన మూడోనాడు తదియ. ముందురోజు ఒక గ్లాసు మినప్పప్పు, రెండు గ్లాసుల బియ్యం, చిటికెడు మెంతులు నానబోసి, సాయంత్రం రుబ్బి ఉంచండి. రోలు లేకపోతే మిక్సీ అయినా సరే. మర్నాటికి పిండి పొంగి, పుల్లని వాసన వేస్తుంది. రాత్రంతా కంటికి కనపడని సూక్ష్మజీవులు అందులో పనిచేశాయన్నమాట. కాలిన పెనాన్ని పెద్దవాళ్ళు చూసుకుంటారు. నూనెలో ముంచిన వంకాయ ముచ్చికతో పెనం రుద్దడం, గరిటెతో పిండి తిప్పడం వాళ్ళు దగ్గరుంటే మీరు చెయ్యవచ్చు. అంచు ఎర్రబడగానే వంటిల్లంతా కమ్మని వాసన. పిండిలోని చక్కెరలూ మాంసకృత్తుల ముక్కలూ వేడికి కలిసి పుట్టించే వాసన అది. ఫ్రాన్సులో మయార్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1912లో ఈ మార్పును వివరించాడు. రొట్టె కాల్చినా, కాఫీగింజలు వేయించినా జరిగేది ఇదే.

మొదటి అట్టు పెనానికి అంటుకుంటే దిగులు పడకండి, పెనం ఇంకా కాగలేదంతే. రెండోది చక్కగా లేస్తుంది. బెల్లం ముక్క పక్కన పెట్టుకుని, వేడిగా ఉండగానే తినండి.